ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్‌ను సొంతంగా కట్టుకున్న విమానానికి సిద్ధం చేయడం ఎలా?

కారు ఇంజన్‌తో విమానం ఎగురుతుందా అని నెలకు ఇద్దరు ముగ్గురైనా నన్ను అడుగుతూనే ఉంటారు. వారిలో ఎక్కువమంది అమెరికాలో స్థిరపడి, ఇంటి గ్యారేజీలో ఒక చిన్న విమానం కట్టుకుంటూ, ధ్రువీకరణ ఉన్న విమాన ఇంజన్ ధర చూసి గుండె జారిన తెలుగువారు. ఎగురుతుంది. 1929లోనే మిన్నెసోటా రాష్ట్రంలోని చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ తన ఎయిర్ క్యాంపర్ విమానాన్ని ఫోర్డ్ మోడల్ ఎ కారు ఇంజన్‌తో ఎగరవేశాడు. అందువల్ల తేల్చుకోవలసింది ఎగురుతుందా లేదా అన్నది కాదు, ఏ ఇంజన్ తీసుకోవాలి, అందులో ఏమేమి మార్చాలి, మార్చినది సరిగ్గా కుదిరిందో లేదో ఎలా పరీక్షించాలి అన్నవే.

ఈ వ్యాసం ఫోక్స్‌వ్యాగన్ టైప్ 1, అంటే బీటిల్ కారులోని గాలితోనే చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజన్‌కే పరిమితం. దీనికి రేడియేటర్ ఉండదు. 3,000 నుంచి 3,400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య వాడుకుంటే ప్రొపెల్లర్‌ను మధ్యలో గేర్‌పెట్టె లేకుండా నేరుగా క్రాంక్‌షాఫ్ట్‌కే (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసుకే) బిగించవచ్చు. బీటిల్ తయారీ 2003లో మెక్సికోలోని ప్యూబ్లాలో ఆగిపోయినా విడిభాగాలు ఇప్పటికీ కొత్తవే దొరుకుతాయి. ఎవాన్స్ వీపీ-1, కేఆర్-1, సొనెరాయ్, సోనెక్స్ వంటి విమానాలు ఈ ఇంజన్‌తోనే పేరు తెచ్చుకున్నాయి. మారుతి ఇంజన్ పనికిరాదా అని హైదరాబాదు మిత్రులు తప్పకుండా అడుగుతారు. సుజుకి మూడు సిలిండర్ల ఇంజన్లు కూడా విమానాల్లో ఎగిరాయి, కానీ వాటి శక్తి అంతా పై ఆర్‌పీఎంలోనే ఉంటుంది కనుక వేగం తగ్గించే గేర్ లేదా బెల్టు వ్యవస్థ, దానితోపాటు రేడియేటర్ తప్పనిసరి అవుతాయి. మొదటి ప్రయత్నానికి అది తలకు మించిన పని అని నా అభిప్రాయం.

నియమాల సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో ఇటువంటి విమానం అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వారి ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్-బిల్ట్ వర్గంలోకి వస్తుంది. నిర్మాణంలో అధిక భాగం చదువు కోసమో సరదా కోసమో ఔత్సాహికులే చేసి ఉండాలి. ధ్రువీకరణ లేని ఇంజన్ పెట్టినప్పుడు తొలి పరీక్షా దశకు సాధారణంగా విధించేది 40 గంటలు, ధ్రువీకరణ ఉన్న ఇంజన్-ప్రొపెల్లర్ జత అయితే 25 గంటలు. ఈ నియమాలు భారతదేశంలో చెల్లవు. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి లేకుండా మొదలుపెట్టవద్దు.

పనిలోకి దిగే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. కారు రోడ్డు మీద సాఫీగా పోతున్నప్పుడు ఇంజన్ తన శక్తిలో సగం కూడా వాడదు, పూర్తి శక్తి ఓవర్‌టేక్ చేసే కొద్ది క్షణాలే. విమానంలో అదే ఇంజన్ నేల విడిచినప్పటి నుంచి నిమిషాల తరబడి పూర్తి శక్తితో, ఆపైన గంటల తరబడి ముప్పాతిక శక్తితో పనిచేయాలి. అందుకని ఇక్కడ గుర్రాల సంఖ్య పెంచుకోవడం కన్నా వేడిని బయటికి పంపడమూ, ప్రొపెల్లర్ బరువును మోసే క్రాంక్‌షాఫ్ట్ ముక్కును కాపాడుకోవడమూ ముఖ్యం. కింద చెప్పిన పనుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి కోసమే.

కావలసినవి

- 1600 సీసీ ఇంజన్ లేదా కొత్త క్రాంక్‌కేస్ (క్రాంక్‌షాఫ్ట్ కూర్చునే ఇంజన్ డొక్కు; ఇకపై కేస్ అంటే ఇదే). సిలిండర్ వ్యాసం 85.5 మి.మీ., స్ట్రోక్ 69 మి.మీ. ఉంటే 1,585 సీసీ వస్తుంది. అదే స్ట్రోక్‌తో 92 మి.మీ. సిలిండర్లు వేస్తే 1,835 సీసీ అవుతుంది. ఒక్కరు కూర్చునే విమానానికి ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది.
- పోతపోసినది కాక ఫోర్జింగ్ చేసిన క్రాంక్‌షాఫ్ట్, పగుళ్ల పరీక్ష చేయించి తెచ్చినది.
- విమానాల కోసమే తయారైన ప్రొపెల్లర్ హబ్. లేత్ పనిలో మీరు ఎంత సిద్ధహస్తులైనా దీన్ని సొంతంగా చేసుకోవద్దు.
- మాగ్నెటో (బ్యాటరీ లేకుండా తనే నిప్పురవ్వ పుట్టించే పరికరం) లేదా విమానాలకు ఉద్దేశించిన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, కార్బురేటర్, కార్బురేటర్ వేడిగాలి పెట్టె, బయట బిగించే ఆయిల్ కూలర్, ఆయిల్ ఫిల్టర్.
- నాలుగు సిలిండర్లకూ నాలుగు ఉష్ణోగ్రత సెన్సార్లు. ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు.
- టార్క్ రెంచ్, డయల్ ఇండికేటర్, మైక్రోమీటర్, ఫీలర్ గేజ్, గుర్తులున్న గాజు బ్యూరెట్, సేఫ్టీ వైర్ పటకారు.
- పొడి ఇసుక నింపిన బకెట్ ఒకటి. ఎందుకో మొదటి మెట్టులోనే చెబుతాను.

1. క్రాంక్‌కేస్ ఎంపిక, పరీక్ష

పాత కేస్ తీసుకుంటే ముందుగా శుభ్రంగా కడిగి, మూడో సిలిండర్ వెనుక భాగాన్ని భూతద్దంతో చూడండి. ఈ ఇంజన్లు పగిలేది ఎక్కువగా అక్కడే. తరువాత మధ్య మెయిన్ బేరింగ్ కూర్చునే గాడిని చూడండి. అది దెబ్బలు తిని వెడల్పయి ఉంటే మూడు గాడులనూ ఒకే వరుసలో మళ్లీ బోర్ చేయించి, ఆ కొలతకు సరిపడే బేరింగులు వేయించాలి. హెడ్ (సిలిండర్ల పైమూత) స్టడ్లు దిగే రంధ్రాల్లో ఉక్కు ఇన్సర్టులు లేకపోతే వేయించండి. మెత్తని మెగ్నీషియం మరలు వేడికి స్టడ్లతోపాటు ఊడి వచ్చేస్తాయి.

హెచ్చరిక: అసలు బీటిల్ కేస్ మెగ్నీషియం మిశ్రమ లోహం. డ్రిల్లింగ్ చేసేటప్పుడు రాలే సన్నని రజను నిప్పు అంటుకుంటే మండుతుంది. దాని మీద నీళ్లు పోస్తే మంట మరింత రేగుతుంది. పక్కన పొడి ఇసుక ఉంచుకోవాలని చెప్పింది అందుకే.

2. నూనె దారులు

ఈ పని బద్ధకించేవారు చాలామంది. నేనూ మొదటిసారి బద్ధకించాను. కేస్ లోపలి నూనె దారుల చివర్లను మూసే అల్యూమినియం బిరడాలను తీసి, ఆ రంధ్రాలకు మరలు కోసి, స్క్రూ బిరడాలు వేసుకోవాలి. అలా చేస్తేనే ఆ దారుల్లోకి పొడవాటి బ్రష్ దూర్చి కడగవచ్చు. నేను బిరడాలు తీయకుండా గాలి కొట్టి ఊరుకున్నాను. ఇంజన్ 20 నిమిషాలు తిరిగాక ఫిల్టర్ కోసి చూస్తే మడతల మధ్య వెండి రంగులో మెరిసే లేత్ రజను కనిపించింది. మొత్తం విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది. రెండు వారాంతాలు పోయాయి, బేరింగులూ మార్చుకోవలసి వచ్చింది.

పరీక్ష: కడిగిన తరువాత ప్రతి దారిలోనూ తెల్లని గుడ్డ చుట్టిన సన్నని కడ్డీని దూర్చి తీయండి. గుడ్డ తెల్లగానే బయటికి రావాలి. బూడిద రంగు మచ్చ కనిపిస్తే మళ్లీ కడగండి.

3. క్రాంక్‌షాఫ్ట్, ప్రొపెల్లర్ హబ్

ప్రొపెల్లర్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు ఏ చివరన బిగించాలి అన్నది మొదటి నిర్ణయం. ఫ్లైవీల్ వైపు బేరింగు పెద్దది, షాఫ్ట్ లావు. పుల్లీ వైపు షాఫ్ట్ సన్నం, దానికి తోడు చావి గాడి (హబ్ జారకుండా పెట్టే చిన్న లోహపు ముక్క కూర్చునే గాడి) కూడా ఉంటుంది. అయినా ఎక్కువ విమానాల్లో పుల్లీ వైపే బిగిస్తారు, ఎందుకంటే అక్కడ ముక్కు సన్నగా ఉండి కౌలింగ్ (ఇంజన్‌ను కప్పే పైతొడుగు) చక్కగా కుదురుతుంది, ఫ్లైవీల్ వైపు స్టార్టరుకూ మాగ్నెటోకూ చోటు మిగులుతుంది. అయితే పుల్లీ వైపు షాఫ్ట్ విరిగిన సంఘటనలు చాలా ఉన్నాయి. కారు పుల్లీ బోల్టుతో ప్రొపెల్లర్ బిగించే పాత పద్ధతిని పూర్తిగా మరిచిపోండి. హబ్‌ను వేడిచేసి, వ్యాకోచించినప్పుడు షాఫ్ట్ మీదికి దించి, చల్లారాక పట్టు బిగుసుకునే పద్ధతిలోనే వేయాలి. దానితోపాటు ముందు బేరింగును పెద్దది చేసే కిట్ దొరికితే వేయించుకోండి. ఆ ఖర్చుకు వెనకాడవద్దు.

హబ్ దించే పని ఒక్క ప్రయత్నంలో అయిపోవాలి. ఓవెన్‌లో తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతకు హబ్‌ను వేడిచేసి, చేతికి మందపాటి తొడుగులు వేసుకుని, చావిని గాడికి సరిచూసి ఒక్కసారిగా దించాలి. మధ్యలో ఆగితే అక్కడే పట్టుకుపోతుంది, ఆపైన ప్రెస్సు మీద కూడా కదలదు. అందుకే చల్లగా ఉన్నప్పుడే చావి, గాడి, దించే ఎత్తు అన్నీ కొలిచి, రెండు మూడుసార్లు ఉత్తుత్తిగా అభ్యాసం చేయండి.

పరీక్ష: క్రాంక్‌షాఫ్ట్‌ను వి-బ్లాకుల మీద ఉంచి, హబ్ ముఖానికి డయల్ ఇండికేటర్ ఆనించి ఒక చుట్టు తిప్పండి. ముల్లు 0.1 మి.మీ. కన్నా ఎక్కువ ఊగితే నేనైతే ఒప్పుకోను. చివర్లో వచ్చే చిన్న వంకర ప్రొపెల్లర్ కొసకు చేరేసరికి ఎన్నో రెట్లు అవుతుంది.

4. కేస్ మూయడం

కనెక్టింగ్ రాడ్ల నట్లను 33 న్యూటన్-మీటర్లకు బిగించాక, ప్రతి రాడ్డూ తన బరువుకే నెమ్మదిగా జారి కిందికి దిగాలి. ఎక్కడైనా పట్టేస్తే రాడ్డు మీద ప్లాస్టిక్ సుత్తితో రెండు పక్కలా తేలికగా తట్టి మళ్లీ చూడండి. క్యామ్ గేరు మీద ఉన్న చుక్క, క్రాంక్ గేరు మీద ఉన్న రెండు చుక్కల మధ్య పడిందో లేదో కేస్ మూయక ముందే ఇంకొకరికి కూడా చూపించండి. కేస్ పెద్ద నట్లకు 34, చిన్నవాటికి 20 న్యూటన్-మీటర్లు. మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా బిగించాలి.

ఫ్లైవీల్ వైపు కూడా పూర్తిగా బిగించిన తరువాతే క్రాంక్‌షాఫ్ట్ ముందు వెనుకల ఆట కొలవండి. అది 0.07 నుంచి 0.13 మి.మీ. లోపల ఉండాలి. మూడు షిమ్‌ల (సందు సరిచేసే పలుచని రింగుల) మందం మార్చి దీన్ని సరిచేసుకోవాలి. ఒక్క మందపాటి షిమ్ పెట్టి సరిపెట్టడం తప్పు.

5. పిస్టన్లు, కంప్రెషన్ నిష్పత్తి

92 మి.మీ. సిలిండర్లకు కేస్‌నూ హెడ్‌లనూ మెషినింగ్ చేయించాలి. మెషినింగ్ లేకుండా దిగిపోయే 88 మి.మీ. సిలిండర్లు ఉంటాయి, ధర చూసి మోసపోవద్దు. వాటి గోడలు పలుచన కనుక వేడికి గుండ్రదనం కోల్పోతాయి.

పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు సిలిండర్ అంచుకన్నా 1 నుంచి 1.5 మి.మీ. కింద ఉండాలి. ఆపైన హెడ్ గదిలో ఎంత ఘనపరిమాణం ఉందో బ్యూరెట్‌తో ద్రవం పోసి కొలవండి. ఉదాహరణకు 1,835 సీసీ ఇంజన్‌లో ఒక్క సిలిండర్ 458.7 సీసీ, హెడ్ గది 62 సీసీ, 1.27 మి.మీ. లోతు వల్ల మరో 8.4 సీసీ. ఈ మూడింటి మొత్తాన్ని చివరి రెండింటి మొత్తంతో భాగిస్తే 7.5 వస్తుంది. అది చాలు. కారు రేసుల వాళ్లు ఇంకా చాలా పైకి వెళతారు, మనకు దానితో పనిలేదు. 8 దాటితే హెడ్ వేడీ, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) ప్రమాదమూ రెండూ పెరుగుతాయి. నాలుగు హెడ్ గదులూ ఒకదానికొకటి ఒక సీసీకి మించి తేడా లేకుండా చూసుకోండి.

6. హెడ్‌లు: ఈ మెట్టు మీద ఒక రోజంతా గడపండి

ఈ ఇంజన్ ఎంత శక్తిని నిలకడగా ఇవ్వగలదో తేల్చేది సిలిండర్ల సంఖ్యో సీసీలో కాదు, హెడ్‌ల మీద ఉన్న పలుచని ఫిన్‌లు ఎంత వేడిని గాలికి అప్పగించగలవు అన్నదే. మార్కెట్లో దొరికే కొత్త హెడ్‌లలో ఆ ఫిన్‌ల మధ్య సందులు చాలాచోట్ల పోతపోసినప్పటి అదనపు లోహంతో మూసుకుపోయి ఉంటాయి. ఒక సైకిల్ పుల్ల తీసుకుని, ప్రతి సందులోనూ పైనుంచి కిందికి దూర్చండి. ముఖ్యంగా ఎగ్జాస్ట్ వాల్వుకూ స్పార్క్ ప్లగ్‌కూ మధ్య ఉన్న సందుల్లో పుల్ల ఆగిపోతే, అక్కడ గాలి కూడా ఆగిపోయినట్టే. సన్నని డ్రిల్ బిట్టుతో, చిన్న ఆకురాయితో ఓపికగా తెరవండి. ఫిన్‌ల మందం తగ్గించకుండా అదనపు లోహాన్ని మాత్రమే తీయాలి.

నా రెండో ఇంజన్‌లో మూడో సిలిండర్ మిగిలిన వాటికన్నా ఎప్పుడూ 25 డిగ్రీలు వేడిగా ఉండేది. కార్బురేటర్ జెట్ మార్చాను, బ్యాఫిల్ (గాలిని మళ్లించే రేకు) మార్చాను, సెన్సార్ కూడా మార్చాను. చివరికి హెడ్ విప్పి దీపం ఎదురుగా పట్టుకుంటే, అటువైపు హెడ్‌లో ఏడు సందుల నుంచి వెలుగు వచ్చింది, ఇటువైపు నాలుగింటి నుంచే. రెండు గంటల ఆకురాయి పనితో ఆ తేడా 8 డిగ్రీలకు దిగింది.

హెడ్ నట్లను రెండు విడతలుగా, పుస్తకంలో ఇచ్చిన వరుసలోనే బిగించాలి. 8 మి.మీ. స్టడ్లకు 25, 10 మి.మీ. స్టడ్లకు 32 న్యూటన్-మీటర్లు. ఎక్కువ బిగిస్తే మంచిదనుకోవద్దు, వేడెక్కాక హెడ్ వ్యాకోచించి స్టడ్డును తనే ఇంకా లాగుతుంది.

7. వాల్వులు

ఎగ్జాస్ట్ వాల్వులు కొత్తవే వేయండి. పాతవి బాగున్నాయని ఎవరెంత చెప్పినా వినవద్దు. ట్యాపెట్ సందు ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు 0.15 మి.మీ. ఉండాలి. ప్రతి తనిఖీలోనూ కనిపించిన కొలతను పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఒకే వాల్వు సందు ప్రతిసారీ తగ్గుతూ వస్తుంటే, దాన్ని సర్దుకుంటూ పోవద్దు. ఆ వాల్వు కాడ సాగుతోందని, లేదా దాని సీటు కుంగుతోందని అర్థం. ఇంకోసారి ఎగరకుండా హెడ్ విప్పండి.

8. ఇగ్నిషన్

పేలే వరుస 1-4-3-2. కారులో ఇంజన్ వెనుకకు తిరిగి ఉంటుంది, పుల్లీ వైపు ప్రొపెల్లర్ బిగించినప్పుడు విమానంలో దాని దిశ తలకిందులవుతుంది. అందువల్ల పైలట్ సీటు నుంచి చూస్తే 1, 2 సిలిండర్లు ఎడమవైపు, 3, 4 కుడివైపు ఉంటాయి. ప్రొపెల్లర్‌కు దగ్గరగా ఉండేవి 2, 4. తీగలు తారుమారు చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది కనుక సిలిండర్ల మీద రంగుతో అంకెలు వేయండి.

ఒక్కో సిలిండర్‌కు ఒకే ప్లగ్ ఉన్న ఇంజన్‌కు పిస్టన్ పైకొచ్చే ముందు 28 డిగ్రీల వద్ద నిప్పు పడేలా పెట్టుకోవచ్చు. రెండేసి ప్లగ్‌లు ఉంటే మంట త్వరగా పాకుతుంది, కనుక కొన్ని డిగ్రీలు తగ్గించాలి. రెండు స్వతంత్ర ఇగ్నిషన్లు పెట్టుకోవడమే నా సలహా. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బ్యాటరీ మీద ఆధారపడేదైతే, ఆల్టర్నేటర్ ఆగిపోయాక ఎన్ని నిమిషాలు నడుస్తుందో నేల మీదే గడియారం పెట్టి కొలవండి.

హెచ్చరిక: మాగ్నెటో స్విచ్చి తీగ తెగితే ఆ మాగ్నెటో ఆపివేసినట్టు కాదు, పనిచేస్తున్నట్టే. ప్రొపెల్లర్‌ను చేత్తో కదిపినప్పుడల్లా అది ఇంజన్‌ను లేపగలదని అనుకునే పనిచేయండి.

9. ఇంధనం, కార్బురేటర్

కారు ఇంజన్ పెట్టిన విమానాలు ఆగిపోయిన సందర్భాల్లో ఇంజన్ లోపలి భాగాలు విరిగినవాటికన్నా ఇంధనం అందకనో, నిప్పు పడకనో ఆగినవే ఎక్కువగా కనిపిస్తాయి. కాబట్టి ఈ పరీక్షను వదిలేయవద్దు. విమానం ముక్కును ఎక్కే కోణానికి ఎత్తి నిలబెట్టి, ట్యాంకులో అతి తక్కువ ఇంధనం ఉంచి, కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి, కొలత గుర్తులున్న సీసాలోకి పారనివ్వండి. 60 గుర్రాల శక్తి దగ్గర ఈ ఇంజన్ గంటకు సుమారు 19 నుంచి 20 లీటర్లు తాగుతుంది. ట్యాంకు ఎత్తున ఉండి దానంతటదే పారే వ్యవస్థ అయితే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే నిమిషానికి అర లీటరు రావాలి. పంపు ఉంటే ఒకటింబావు రెట్లు చాలు. తక్కువ వస్తే ట్యాంకు గాలి రంధ్రాన్ని, గొట్టం మలుపులను ముందు చూడండి.

వేడిగాలి పెట్టె లేని కార్బురేటర్‌తో ఎగరవద్దు. గాలిలో తేమ ఉంటే 20 డిగ్రీల ఎండరోజున కూడా కార్బురేటర్ గొంతులో మంచు కడుతుంది. అమెరికా బంకుల్లో దొరికే పెట్రోలులో చాలా వరకు 10 శాతం ఇథనాల్ ఉంటుంది. అది ఫైబర్‌గ్లాస్ ట్యాంకు లోపలి పూతను కరిగించవచ్చు, వేడిలో గొట్టాల్లో ఆవిరి బుడగలు కట్టే గుణం కూడా ఎక్కువ. సన్నని గాజు గొట్టంలో కొద్దిగా నీళ్లు పోసి గీత గుర్తు పెట్టి, పైన పెట్రోలు పోసి కదిపి నిలబెట్టండి. నీటి గీత పైకి జరిగితే ఇథనాల్ ఉన్నట్టే.

10. ఆయిల్

కారులో ఆయిల్ కూలర్ ఫ్యాన్ పెట్టె లోపల, మూడో సిలిండర్‌కు వెళ్లే గాలికి అడ్డంగా నిలబడి ఉంటుంది. దాన్ని తీసేసి, గాలి నేరుగా తగిలే చోట వేరే కూలర్ పెట్టండి. గొట్టాలకు మంట ఆపే తొడుగు తప్పనిసరి. నూనె ఉష్ణోగ్రత 82 నుంచి 110 డిగ్రీల మధ్య ఉండాలి. ఒత్తిడికి గుర్తుపెట్టుకోవలసిన లెక్క, ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు కనీసం 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). వేడి ఇంజన్‌తో 3,000 దగ్గర 30 కన్నా తక్కువ చూపితే ఎగరకండి. నూనె చల్లగా ఉండటం కూడా మంచిది కాదు. 82 దాటకపోతే లోపలి తేమ ఆవిరి కాక నూనె పాడవుతుంది, చలికాలంలో కూలర్‌లో కొంత భాగానికి రేకు అడ్డం పెట్టండి.

11. బ్యాఫిల్‌లు, కౌలింగ్

కారు ఫ్యాన్, దాని పెట్టె తీసేస్తాం. దానితోపాటు సిలిండర్ల మధ్య, కింద ఉండే చిన్న రేకులను కూడా పనికిరానివనుకుని తీసేయడం నేను చూసిన తప్పులన్నింటిలోకీ మొదటిది. అరచేతిలో పట్టే ఆ రేకే గాలిని సిలిండర్‌ను చుట్టి పోయేలా ఒత్తుతుంది. అది లేకపోతే గాలి సులువు దారి చూసుకుని సందుల్లోంచి జారిపోతుంది, ఫిన్‌లకు తగలదు.

ఇంజన్ పైభాగాన్ని నాలుగు వైపులా అల్యూమినియం రేకులతో గదిలా కట్టి, కౌలింగ్‌కు ఆనే అంచులకు సిలికోన్ రబ్బరు పట్టీలు బిగించండి. పట్టీ వంపు లోపలికి, ఒత్తిడి ఉన్న వైపుకు ఉండాలి, అప్పుడే గాలి దాన్ని కౌలింగ్‌కు అదుముతుంది. గాలి బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారికన్నా వైశాల్యంలో పెద్దదిగా ఉండాలి. వేడి ఎక్కువైతే ముందు రంధ్రాలు పెద్దవి చేయాలని అందరికీ తోస్తుంది. చాలాసార్లు తేడా వెనుక ఉంటుంది.

పరీక్ష: రాత్రిపూట చీకటి గ్యారేజీలో కౌలింగ్ బిగించి, లోపల ఒక బల్బు వెలిగించండి. రేకుల అంచుల వెంట ఎక్కడ వెలుగు కనిపిస్తే అక్కడ గాలి కారుతున్నట్టే.

12. ప్రొపెల్లర్

పుల్లీ వైపు బిగించిన ప్రొపెల్లర్ పైలట్‌కు అపసవ్య దిశలో తిరుగుతుంది. సెస్నా వంటి మామూలు విమానాలకు ఇది వ్యతిరేకం, కాబట్టి ఎడమచేతి వాటం ప్రొపెల్లరే కొనాలి. కొయ్యది తీసుకోండి. లోహపు ప్రొపెల్లర్ బరువు, విమానం తిరిగినప్పుడు దాని గైరో బలం ఆ సన్నని షాఫ్ట్‌ను విరగ్గొట్టగలవు. బిగించాక ఒక్కో ఆకు కొస ఒకే బిందువు దగ్గరగా వెళుతోందో లేదో కర్ర ముక్క ఎదురుగా పెట్టి చూడండి. తేడా 3 మి.మీ. మించకూడదు. కొయ్య వాతావరణాన్ని బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. కనుక బోల్టులను మొదటి గంట తరువాత, ఆపైన ఋతువు మారినప్పుడల్లా టార్క్ రెంచ్‌తో చూడాలి.

13. తొలిసారి తిప్పడం

విమానాన్ని తోక దగ్గర బలమైన తాడుతో కట్టి, చక్రాలకు దిమ్మలు పెట్టి, నిప్పు ఆర్పే సాధనంతో ఒకరిని పక్కన నిలబెట్టండి. ప్రొపెల్లర్ తిరిగే తలంలోకి ఎవరూ రాకుండా నేల మీద సుద్దతో గీత గీయండి. ముందుగా స్పార్క్ ప్లగ్‌లు తీసి, నూనె ఒత్తిడి ముల్లు కదిలే దాకా ఇంజన్‌ను తిప్పండి. ప్లగ్‌లు వేసి, లేచాక వేగం మార్చుకుంటూ తక్కువసేపే నడిపి ఆపి, చల్లారనివ్వండి. నేల మీద గాలి సరిగా అందదు కనుక పొడవుగా నడిపితే మొదటి రోజే హెడ్‌లు పాడవుతాయి.

హెడ్ ఉష్ణోగ్రతకు నేను పెట్టుకున్న గీతలు ఇవి: నిలకడ ప్రయాణంలో 190, ఎక్కేటప్పుడు 204, ఏ పరిస్థితిలోనూ దాటకూడనిది 232 డిగ్రీల సెల్సియస్. స్థిరంగా కట్టి ఉన్నప్పుడు పూర్తి థ్రాటిల్‌లో ఎంత ఆర్‌పీఎం వస్తుందో వెలుతురు ఆధారంగా కొలిచే పరికరంతో చూడండి. ట్యూబ్‌లైటు కింద అది తప్పు చూపుతుంది, పగటి వెలుగులోనే కొలవాలి.

కంప్రెషన్‌ను ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు 80 పీఎస్ఐ గాలి ఇచ్చి కొలుస్తారు. 70కి పైన మంచిది, 60 కన్నా తక్కువైతే గాలి ఎక్కడ నుంచి కారుతోందో చెవి పెట్టి వినండి. ఎగ్జాస్ట్ గొట్టంలో వినిపిస్తే వాల్వు, బ్రీదర్‌లో (కేస్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) వినిపిస్తే రింగులు. ఈ పరీక్షలో గాలి ఒత్తిడికి ప్రొపెల్లర్ ఒక్కసారిగా తిరగవచ్చు, దాన్ని మరొకరు గట్టిగా పట్టుకుని ఉండాలి.

14. తొలి గంటలు

పరుగు మొదలుపెట్టినప్పుడు విమానం మామూలుగా ఎడమవైపుకు కాక కుడివైపుకు లాగుతుంది. మీ శిక్షణ అంతా సెస్నాలో అయి ఉంటే కుడికాలు అలవాటు మీద దానంతటదే పెడల్ నొక్కుతుంది. ఎడమకాలు వాడాలని ముందు రోజు కుర్చీలో కూర్చునైనా అభ్యాసం చేయండి.

మొదటి 5 గంటలకు నూనె మార్చి ఫిల్టర్ కోసి చూడండి, ఆ తరువాత ప్రతి 25 గంటలకు. ఫిల్టర్ కాగితాన్ని కత్తితో కోసి, మడతలు విప్పి, తెల్లని పళ్లెంలో పెట్రోలుతో కడగండి. దొరికిన రజను దగ్గర అయస్కాంతం పెడితే అంటుకునేది ఉక్కు, అంటే క్యామ్, గేర్లు, లేదా రింగులు. అంటుకోక, వేలితో నొక్కితే మెత్తగా నలిగే బూడిదరంగు రేకులు బేరింగువి. మొదటి రెండుసార్లు కొద్దిగా రావడం మామూలే. మూడోసారి కూడా వస్తే, కౌలింగ్ తిరిగి బిగించకుండా ఇంజన్‌ను కిందికి దించండి.